ఒకటో నంబర్ రైల్లో గోల్ఫ్ కిట్

గోల్ఫ్ కిట్ భుజాన వేసుకుని రైలెక్కిన మనిషిని న్యూయార్క్‌లోనే మొదటిసారి చూశాను. ఆదివారం పొద్దున, ఒకటో నంబర్ సబ్‌వే, అంటే అక్కడి మెట్రో రైలు. వాన్ కార్ట్‌లాండ్ పార్కులో తమ్ముడి క్రికెట్ లీగ్ మ్యాచ్ ఉంటే బయల్దేరాను. టికెట్టు మూడు డాలర్లకు కాస్త అటూ ఇటూ. రూపాయల్లోకి మార్చొద్దని తమ్ముడు ఎంత చెప్పినా నా బుర్ర మార్చేస్తుంది.

హైదరాబాద్‌లో నాకు తెలిసిన గోల్ఫ్ అంటే ప్రహరీ గోడ, గేటు, "మెంబరా సార్?" అని అడిగే సెక్యూరిటీ. ఇక్కడేమో డెబ్బై దాటిన పెద్దాయన, అరిగిన బూట్లతో, మోకాళ్ల మధ్య కిట్ నిలబెట్టుకుని కునుకు తీస్తున్నాడు. రిటైరైన బస్సు డ్రైవరట. చివరి స్టాప్ 242వ వీధిలో ఇద్దరం దిగాం. టాస్ ఓడామని తమ్ముడి మెసేజ్ వచ్చింది. ఎండలో కూర్చుని ఫీల్డింగ్ చూసే ఓపిక లేక, పెద్దాయన వెంట చెరువు పక్కనున్న గోల్ఫ్ మైదానం వైపు నడిచాను.

అమెరికాలో జనమందరికీ తెరిచిన మొదటి గోల్ఫ్ కోర్సు ఇదేనట, 1895లో. పక్కనే రివర్‌డేల్‌లో ఉండే డబ్బున్నవాళ్లు తమ క్లబ్బుకో కోర్సు కావాలని నగరాన్ని అడిగారు. పార్కులవాళ్లు సరేనన్నారు గానీ, స్థలం అందరిదీ కాబట్టి ఆట కూడా అందరికీ ఉండాలన్నారు. అడిగినవాళ్ల మొహాలు అప్పుడు చూడాల్సింది! మొదట తొమ్మిది హోల్సే, అంటే బంతిని పడేయాల్సిన గుంటలు. కొట్టే చోటు నుంచి గుంటదాకా ఎనిమిదింటికి 200 గజాల లోపు, తొమ్మిదోది ఏకంగా 700 గజాలు. అదేం లెక్కో. 1899లో టామ్ బెండెలో దాన్ని 18 హోల్స్ చేశాడు. స్కాట్లాండ్ నుంచి వచ్చి, న్యూయార్క్ హెరాల్డ్ పత్రికలో అక్షరాలు పేర్చిన కంపోజిటర్ ఆయన.

సబ్‌వే ఇక్కడికి 1908లో వచ్చింది. అంతకు ముందు పుట్నమ్ లైన్ రైల్లో వచ్చేవాళ్లు. ఆ స్టేషన్ ఇనుప చట్రం క్లబ్‌హౌస్‌కు కూతవేటు దూరంలో, చెట్ల మధ్య తుప్పు పట్టి ఇంకా ఉంది.

ప్రశాంతమైన ఆట అనుకుని వెళ్లకండి. 1950ల్లో మేజర్ డీగన్ ఎక్స్‌ప్రెస్‌వేను పార్కు మధ్యలోంచి లాగేశారు. అటు లారీల హోరు, ఇటు పెద్దాయన కళ్లు చికిలించి బంతి వంక చూపు. అంత సేపు చూసి కొడితే బంతి పొదల్లోకి పోయింది. ఇక లారీలను తిట్టాడు, రేట్లను తిట్టాడు. బయటి ఊరివాళ్లకైతే పైన అదనపు వడ్డన కూడా. వీకెండ్ స్లాట్లు మన తిరుమల మూడొందల టికెట్ల కోటాలాగే, ఆన్‌లైన్‌లో కాచుకుని కూర్చుంటే గానీ దొరకవట.

క్రికెట్ మాటెత్తితే ఆయనకు 2023 గొడవ గుర్తొచ్చింది. టీ20 ప్రపంచకప్ కోసం ఇదే పార్కులో 34 వేల సీట్ల తాత్కాలిక స్టేడియం కడతామన్నారు. చుట్టుపక్కలవాళ్లే కాదు, వారం వారం ఇక్కడ ఆడే క్రికెటర్లు కూడా అడ్డం తిరిగారు. సీజనంతా పిచ్‌లు పోతే వాళ్లెక్కడ ఆడాలి? చివరికి మ్యాచ్‌లు లాంగ్ ఐలాండ్‌కు పోయాయి. ఇండియా–పాకిస్తాన్ మ్యాచ్ గుమ్మం ముందుకొచ్చి వెనక్కి పోయిందని తమ్ముడు చాన్నాళ్లు ఏడ్చాడు, టికెట్ ధరలు చూసేదాకా.