లాజిక్ గేట్లు నాకు మెట్ల లైటు దగ్గర అర్థమయ్యాయి: జేఈ ప్రిపరేషన్ అనుభవం

రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు (ఆర్‌ఆర్‌బీ) జూనియర్ ఇంజనీర్ (జేఈ) ఫైనల్ లిస్టులో నా నంబరు వచ్చింది. ఎలక్ట్రానిక్స్ గ్రూపు, సిగ్నల్ అండ్ టెలికాం. అమ్మ మొక్కులన్నీ తీరుస్తూ వైజాగ్ సంపత్ వినాయగర్ గుడికీ సింహాచలానికీ తిప్పుతోంది. ఈలోగా తమ్ముళ్లంతా ఒకటే అడుగుతున్నారు, ఏ పుస్తకం చదివావన్నా అని. పుస్తకాలు మీ దగ్గరున్నవే. నేను చెప్పదలుచుకున్నది వేరు.

సీబీటీ-1 (కంప్యూటర్ మీద రాసే మొదటి దశ పరీక్ష) గురించి పెద్దగా ఏమీ లేదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని లెక్కలు, రీజనింగ్ రోజూ చేశాను, గట్టెక్కాను. ర్యాంకు తేల్చేది సీబీటీ-2. 150 ప్రశ్నల్లో 100 టెక్నికల్, తప్పుకి మూడో వంతు మార్కు కోత. అందులో డిజిటల్ (0, 1లతో నడిచే సర్క్యూట్లు, వాటిలోని చిన్న ముక్కలే లాజిక్ గేట్లు) అంటే చాలామందికి ట్రూత్ టేబుళ్ల బట్టీ, అంటే ఏ ఇన్‌పుట్లకి ఏ అవుట్‌పుట్ వస్తుందో చూపే పట్టికలు. డిప్లొమాలో మాకూ అలాగే చెప్పారు. బట్టీ పట్టినది హాల్లో టైమర్ పరిగెడుతుంటే ఎగిరిపోతుంది.

మా మావయ్య కంచరపాలెంలో ఇళ్ల వైరింగ్ పని చేస్తాడు. సెలవుల్లో ఆయన వెంట వెళ్లి గొట్టాల్లో వైర్లు లాగేవాణ్ని. ఒక డాబా ఇంట్లో మెట్ల లైటుకి టూ-వే స్విచ్‌లు బిగిస్తున్నాం. ఒక్కో స్విచ్‌కి మూడు టెర్మినళ్లు. కింద స్విచ్ మధ్య టెర్మినల్‌కి ఫేజు, పై స్విచ్ మధ్య టెర్మినల్ నుంచి బల్బుకి వైరు, మిగిలిన కొసల్ని కలుపుతూ రెండు వైర్లు. తిన్నగా కలిపితే రెండు స్విచ్‌లూ ఒకే వైపు ఉన్నప్పుడు లైటు వెలుగుతుంది. ఒక చివర ఆ రెండు వైర్లూ తారుమారు చేస్తే, వేరు వేరు వైపులున్నప్పుడు వెలుగుతుంది. మావయ్యకి రెండూ ఒకటే. "ఎలా కలిపితే ఏటిరా, కింద నొక్కినా పైన నొక్కినా మారుతుంది కదా" అన్నాడు.

నాకు అక్కడే పట్టు దొరికింది. స్విచ్ ఒక వైపుని 0, రెండో వైపుని 1, లైటు వెలగడాన్ని 1 అనుకోండి. మొదటిది ఎక్స్‌నార్ (ఇన్‌పుట్లు రెండూ ఒకటైతే 1 ఇచ్చే గేటు), రెండోది ఎక్స్ఆర్ (వేరు వేరైతే 1 ఇచ్చేది). మధ్యలో తేడా రెండు వైర్ల తారుమారు, అంటే ఒక ఇన్వర్షన్ (0ని 1గా, 1ని 0గా తిప్పడం). ఏదో ఒక ఇన్‌పుట్ మార్చితే అవుట్‌పుట్ తప్పకుండా మారడమే ఎక్స్ఆర్ గుణం. 2013 గేట్ పరీక్ష (ఇంజనీరింగ్ పీజీ ప్రవేశానికి రాసేది) ఎలక్ట్రానిక్స్ పేపర్లో ఈ మెట్ల లైటు ప్రశ్నే ఉంది, జవాబు ఎక్స్ఆర్. మూడు చోట్ల నుంచి వెయ్యాలంటే మధ్యలో ఇంటర్మీడియట్ స్విచ్ (ఆ రెండు వైర్లనీ తారుమారు చేసేది) పెడతారు. అప్పుడది మూడు ఇన్‌పుట్ల ఎక్స్ఆర్. 8 కాంబినేషన్లలో 4 సార్లు వెలుగుతుంది. ప్యారిటీ జనరేటర్ (డేటాలో 1ల సంఖ్య సరా బేసా అని చూసే సర్క్యూట్) చేసే పని కూడా ఇదే.

ఆ తర్వాత ఏ ఇంటికెళ్లినా నాకు గేట్లే కనిపించాయి. ఎంసీబీ, స్విచ్ రెండూ ఆన్‌లో ఉంటేనే ఫ్యాను తిరుగుతుంది: ఆండ్. వీధి తలుపుకొకటి, పెరటి తలుపుకొకటి బెల్ పుష్‌లు ఉంటే ఏది నొక్కినా గంట మోగుతుంది: ఆర్. ఫ్రిజ్ తలుపు వేస్తే లోపలి బటన్ నొక్కుకుని లైటు ఆరిపోతుంది: నాట్. అలాంటి నొక్కితే తెగే బటన్లు రెండు సిరీస్‌లో వెయ్యండి. ఏది నొక్కినా లైటు ఆరుతుంది, అది నార్. ప్యారలల్‌లో వేస్తే రెండూ నొక్కితేనే ఆరుతుంది, అది నాండ్. ఆర్‌ని తిప్పితే నాట్‌ల ఆండ్, ఆండ్‌ని తిప్పితే నాట్‌ల ఆర్: డి మోర్గాన్ సూత్రం మొత్తం ఇంతే. కాగితం మీద రెండు బటన్లు గీసుకున్నాక నేనెప్పుడూ దాన్ని బట్టీ పట్టలేదు.

ఒక్కచోట జాగ్రత్త. మన బోర్డుల్లో స్విచ్ కిందికి నొక్కితే ఆన్, అమెరికాలో పైకి. దేన్ని 1 అనుకున్నామో ముందు రాసుకోకపోతే పాజిటివ్ లాజిక్‌లో (ఎక్కువ వోల్టేజి 1) ఆండ్ కాస్తా నెగటివ్ లాజిక్‌లో (తక్కువ వోల్టేజి 1) ఆర్ అయిపోతుంది. స్విచ్ సర్క్యూట్లకి బూలియన్ ఆల్జీబ్రాని (0, 1లతో చేసే లెక్కల్ని) తెచ్చిన క్లాడ్ షానన్ 1937 థీసిస్‌లో కూడా మూసిన కాంటాక్ట్ 0, తెరిచింది 1. అందుకే ఆయన లెక్కలో సిరీస్ అంటే కూడిక! మనం పరీక్షలో సిరీస్‌ని గుణకారంగా, అంటే ఆండ్‌గా రాస్తాం, ఇది దానికి తలకిందులు.

సీక్వెన్షియల్ సర్క్యూట్లకి (పాత స్థితిని గుర్తుంచుకునేవాటికి) బోరు మోటారు స్టార్టర్ చూడండి. పచ్చ బటన్ నొక్కి వదిలేసినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే కాయిల్ (కరెంటు పారితే అయస్కాంతమయ్యే తీగచుట్ట) లాగగానే దాని సొంత కాంటాక్ట్ పచ్చ బటన్‌కి ప్యారలల్‌గా మూసుకుంటుంది. ఎర్ర బటన్ సిరీస్‌లో ఉంది కాబట్టి రెండూ కలిపి నొక్కినా ఆగడమే. రీసెట్ గెలిచే లాచ్ (పెట్టిన స్థితిని పట్టి ఉంచే సర్క్యూట్) అన్నమాట. కరెంటు పోయి వస్తే తనంతట తాను తిరగదు.

కోచింగ్‌కి వెళ్లలేదా అని అడిగేవాళ్లకి: వెళ్లలేదు, వెళ్లాల్సిన అవసరమూ రాలేదు. గొట్టంలో వైరు లాగుతూ టైం పాడుచేస్తున్నాడని చుట్టాలు అన్నారు, అననివ్వండి. పొద్దున్నే లేచి కూర్చోలేనివాడికి ఏ బ్యాచ్‌లో చేరినా ఒకటే. ఆర్కే బీచ్‌లో సాయంత్రం వాకింగ్ చేస్తూ స్ట్రాటజీలు మాట్లాడుకునేవాళ్లని చాలామందిని చూశాను. సరే, ఇది వదిలేస్తాను, మళ్లీ క్లాసు పీకుతున్నాడంటారు.

సిగ్నల్ గ్రూపు పెట్టుకున్నవాళ్లు రిలేల (కాయిల్ అయస్కాంతంతో పనిచేసే స్విచ్‌ల) వరకూ వెళ్లండి. ట్రాక్ సర్క్యూట్‌లో (పట్టాల్లో కరెంటు పంపి బండి ఉందో లేదో కనిపెట్టే ఏర్పాటులో) బండి వస్తే చక్రాలు, ఇరుసు రెండు పట్టాల్నీ కలిపేసి రిలేకి కరెంటు అందనివ్వవు. బండి ఉంటే రిలే కింద పడుతుంది, లేకపోతే లాగి ఉంటుంది. నాట్ గేటే. వైరు తెగినా రిలే పడుతుంది, కాబట్టి లైను ఖాళీ లేనట్టే చూపిస్తుంది. రూటు, పాయింట్లు (బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లే చోట్లు), ట్రాక్ అన్నీ సరిగ్గా ఉన్నట్టు రుజువైతేనే సిగ్నల్ వస్తుంది, ఆ కాంటాక్టులన్నీ సిరీస్‌లో ఉంటాయి. ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్లు 230 వోల్టుల జోలికి పోకండి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెసిస్టర్ పెట్టిన ఎల్‌ఈడీ, నాలుగు పుష్ బటన్లు చాలు.