భర్త పోటీలో ఉన్నా గెలిచిన డాక్టరు: మార్తా హ్యూస్ కానన్

1896 నవంబరు 3న యూటాలో ఎన్నికైన మార్తా హ్యూస్ కానన్, అమెరికాలో మొట్టమొదటి మహిళా స్టేట్ సెనేటర్, అంటే రాష్ట్ర చట్టసభలోని ఎగువ సభ సభ్యురాలు. సాల్ట్ లేక్ కౌంటీలో ఐదు సీట్లకూ కలిపి ఒకటే ఎన్నిక. ఎక్కువ ఓట్లొచ్చిన ఐదుగురూ నెగ్గినట్టు. ఆమె డెమొక్రాట్, భర్త ఆంగస్ రిపబ్లికన్ అభ్యర్థి. ఆమె గెలిచింది, ఆయన ఓడిపోయాడు. అందరూ ఈ ముచ్చటే చెప్పుకుంటారు గానీ, ఆమె చేసిన చట్టాలే నాకు ముఖ్యం.

1857లో వేల్స్‌లో పుట్టింది. అచ్చాఫీసులో కంపోజింగ్ చేసి, 1880లో మిషిగన్ యూనివర్సిటీలో మెడిసిన్ పూర్తిచేసింది. 1884లో ఆంగస్‌కు నాలుగో భార్య అయింది. అప్పటికే బహుభార్యత్వం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కోర్టులో సాక్ష్యం చెబితే భర్తతో పాటు, తాను పురుడు పోసిన అలాంటి కుటుంబాలూ ఇరుక్కుంటాయి. అందుకే 1886లో పసిబిడ్డతో యూరప్ వెళ్లిపోయింది. 1870 నుంచి యూటా స్త్రీలకున్న ఓటును 1887లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ లాగేసుకుంది. 1896లో రాష్ట్ర రాజ్యాంగంతో ఆ హక్కు తిరిగొచ్చింది.

సెనేట్‌లో ఆమె ఆలోచన అచ్చంగా డాక్టరుదే. దుకాణాల్లో రోజంతా నిలబడే ఆడవాళ్లకు, పనిలేని వేళ కూర్చోవడానికి యజమానే కుర్చీలో స్టూళ్లో ఏర్పాటు చేయాలన్న చట్టం ఆమెదే. చెవిటి, మూగ, అంధ పిల్లలకు నిర్బంధ విద్య మరొకటి. రాష్ట్ర ఆరోగ్య బోర్డును ఏర్పరచే బిల్లు తెచ్చి, తర్వాత తానూ అందులో సభ్యురాలైంది. వీటిలో పెద్దది ఈ బోర్డే.

1899లో మూడో బిడ్డ పుట్టడంతో, చట్టం ఒప్పని ఆ కాపురం ఇంకా సాగుతోందని లోకానికి తెలిసింది. ఆమె మళ్లీ పోటీ చేయలేదు.