సస్పెండ్‌లో కారిపోతున్న బ్యాటరీ: డెబియన్ 13 లాగ్, తొమ్మిదో ప్రయత్నం

దొరికింది! మూత మూసి నిద్రపుచ్చిన ల్యాప్‌టాప్ బ్యాటరీ కారిపోవడానికి కారణం, పది కేబీ కూడా లేని ఒక్క ఫైలు లేకపోవడం. ఎనిమిది ప్రయత్నాలు యూఎస్‌బీ అని, ఎన్‌వీఎంఈ డిస్క్ అని, వైఫై అని తిరిగింది చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమే. దొంగ డిస్‌ప్లే దగ్గరే కూర్చుని ఉన్నాడు. ఒకడు కాదు, ఇద్దరు. రెండోవాడి సంగతి కింద.

మెషీన్ వివరం: పదో తరం ఇంటెల్ కామెట్ లేక్ ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్, బ్యాటరీ ఇప్పుడు నిండా ఎక్కితే 43.6 వాట్ అవర్లు. డెబియన్ 13 లినక్స్, 6.12 కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ), వేలాండ్ మీద ప్లాస్మా 6.3 డెస్క్‌టాప్. ఏ రకం నిద్రలు కుదురుతాయో చెప్పే మెమ్_స్లీప్ ఫైల్లో ఉన్నది ఎస్2ఐడిల్ (మెషీన్ పూర్తిగా ఆగకుండా తీసే తేలిక నిద్ర) ఒక్కటే. డీప్ అన్న మాటే లేదు, అంటే ర్యామ్ తప్ప దాదాపు అన్నీ ఆపేసే పాత గాఢనిద్ర ఎస్3ని బయాస్‌లోనే (మదర్‌బోర్డులోని మొదటి ప్రోగ్రామ్) పీకేశారు. కాబట్టి ఎక్కడ చూసినా వినిపించే "మెమ్_స్లీప్_డీఫాల్ట్‌కి డీప్ ఇవ్వండి" సలహా ఇక్కడ చెల్లదు. లేని స్టేట్‌ని కెర్నెల్ పారామీటర్ పుట్టించలేదు. కొన్ని థింక్‌ప్యాడ్ మోడళ్ల బయాస్‌లో స్లీప్ స్టేట్ దగ్గర లినక్స్ అనే ఎంపిక ఉంటుంది, అది పెడితే ఎస్3 తిరిగొస్తుంది. పాత థింక్‌ప్యాడ్ అంటే మోజు తగ్గకపోవడానికి ఆ ఒక్కటి చాలు.

డెబియన్ 12లో మూత మూసి 8 గంటలు వదిలితే 17 శాతం పోయేది. ఎస్2ఐడిల్ అంటే అంతేలే అని సరిపెట్టుకున్న అంకె అది. 13కి అప్‌గ్రేడ్ అయ్యాక అదే 8 గంటలకి 38 శాతం. బ్యాగులోంచి తీస్తే అడుగు గోరువెచ్చగా ఉంటోంది.

శాతాలతో కొలిస్తే ఏమీ తేలదు, అందుకే ముందు కొలత సరిచేయాల్సి వచ్చింది. సిస్టమ్‌డీ (సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) కింద సిస్టమ్-స్లీప్ డైరెక్టరీలో చిన్న స్క్రిప్టు: మొదటి ఆర్గ్యుమెంట్ ప్రీ (నిద్రకి ముందు) అయితే బ్యాటరీలో మిగిలింది చెప్పే ఎనర్జీ_నౌ అంకె, సెకన్లలో టైము ఒక ఫైల్లో రాస్తుంది. పోస్ట్ (లేచాక) అయితే 5 సెకన్లు ఆగి మళ్ళీ రాస్తుంది. ఆ 5 సెకన్లు ఎందుకంటే, లేచిన వెంటనే చదివితే ఈ మెషీన్ పాత అంకే ఇస్తోంది. ఎనర్జీ_నౌ మైక్రోవాట్ అవర్లలో ఉంటుంది. కొన్ని బ్యాటరీలకి ఛార్జ్_నౌ మాత్రమే ఉంటుంది, అది మైక్రోఆంప్ అవర్లు, వోల్టేజ్‌తో గుణించుకోవాలి.

నిద్రపుచ్చి టైముకి లేపడానికి ఆర్‌టీసీవేక్ కమాండ్. ఇక్కడో గుంట ఉంది: మోడ్ మెమ్ అని ఇస్తే అది నేరుగా కెర్నెల్‌తో మాట్లాడుతుంది, సిస్టమ్‌డీ స్క్రిప్టులు నడవవు, లాగ్ ఖాళీగా మిగులుతుంది. మోడ్ నో, 1800 సెకన్లు అని అలారం మాత్రం పెట్టి, ఆ తర్వాత సిస్టమ్‌సీటీఎల్ సస్పెండ్ కొట్టాలి. ఛార్జర్ పీకేసి, బ్యాటరీ 60–80 శాతం మధ్యలో ఉండగా, యూఎస్‌బీలో ఏమీ లేకుండా. ఈ బ్యాటరీ గేజ్ 10 మిల్లీవాట్ అవర్ల మెట్లతో దిగుతుంది, కాబట్టి అరగంట పరీక్షలో 20 మిల్లీవాట్ల అటూఇటూ తేడాని పట్టించుకోనక్కర్లేదు.

ఏమీ ముట్టుకోకుండా మొదటి కొలత: అరగంటకి 1.06 వాట్ అవర్లు, అంటే 2.12 వాట్లు. నిద్రపోతున్న మెషీన్‌కి ఇది ఘోరం.

ఇక వరసపెట్టి అనుమానాలు, అంకెలన్నీ వాట్లలో. ప్రాక్ ఏసీపీఐ వేకప్‌లో ఎక్స్‌హెచ్‌సీని (యూఎస్‌బీ కంట్రోలర్) డిజేబుల్ చేస్తే 2.11. బ్లూటూత్ ఆఫ్ చేస్తే 2.10. పీసీఐఈ ఏఎస్‌పీఎం (ఖాళీగా ఉన్న పరికరాల లింకుని నిద్రపుచ్చే ఏర్పాటు) పాలసీని పవర్‌సూపర్‌సేవ్‌కి మారిస్తే 2.04, కాస్త ఆశ పుట్టింది, అంతే. ఎన్‌వీఎంఈ లేటెన్సీ పారామీటర్ మారిస్తే మళ్ళీ 2.11. కార్డ్ రీడర్ డ్రైవర్ ఆర్‌టీఎస్ఎక్స్_పీసీఐ తీసేస్తే 2.05. ఐడబ్ల్యూఎల్ వైఫై తీసేస్తే 2.06. పీఎంసీ కోర్ (చిప్‌సెట్ పవర్ కంట్రోలర్ డ్రైవర్) లోని ఎల్‌టీఆర్_ఇగ్నోర్‌లో (ఫలానా పరికరం ఎంత ఆలస్యం తట్టుకోగలదన్నది పట్టించుకోవద్దని చెప్పే ఫైలు) ఒక్కో నంబరే రాసుకుంటూ పోతే ఎక్కడా 2.03 కంటే దిగలేదు. చివరికి బ్యాక్‌పోర్ట్స్‌లోని కొత్త కెర్నెల్ కూడా: 2.12. ప్రతిసారీ ఒక్కటే మార్చి, కొలిచి, వెనక్కి పెట్టడం. పద్ధతి సరైనదే. ఆ పద్ధతే ఈసారి దెబ్బతీసింది.

పవర్ ఆదా చేసే పవర్‌టాప్ టూల్లోని ఆటో-ట్యూన్ జోలికి పోలేదు. అది అన్నిటినీ ఒక్కసారి తిప్పేస్తుంది, ఏది పనిచేసిందో తెలియదు, పైగా మౌస్ రెండు సెకన్లకోసారి కునుకు తీస్తుంది. పవర్ సర్దుబాటు చేసే టీఎల్‌పీ, పవర్-ప్రొఫైల్స్-డెమన్ రెండూ ఒకే మెషీన్‌లో పెట్టి ఫలానాది పనిచేయట్లేదనేవాళ్ళు ముందు ఒకదాన్ని తీసేయండి. ఈ సమస్యకి ఆ రెండిటితోనూ సంబంధం లేదు.

దారి చూపించింది డీబగ్ ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ లోపలి లెక్కలు చూపే చోటు) పీఎంసీ_కోర్ కింద ఉండే ప్యాకేజ్_సీస్టేట్_షో. సీపీయూ ఏ లోతు నిద్రలో ఎంతసేపుందో అది చెబుతుంది, సీ పక్కన అంకె పెరిగేకొద్దీ నిద్ర లోతు. సస్పెండ్‌కి ముందూ తర్వాతా ఆ ఫైల్ని కాపీ చేసి పక్కపక్కన పెడితే సీ2, సీ3, సీ8 వరకు అంకెలు పెరిగాయి. సీ9 సున్నా. సీ10 సున్నా. ఇంటెల్_పీఎంసీ_కోర్ మాడ్యూల్‌కి వార్న్_ఆన్_ఎస్0ఐఎక్స్_ఫెయిల్యూర్స్ అనే పారామీటర్ ఉంది, దానికి వై అని రాస్తే ప్రతి విఫల నిద్ర తర్వాతా డీమెసేజ్‌లో (కెర్నెల్ లాగ్) గోల పెడుతుంది: సీపీయూ పీసీ10లోకి (ప్యాకేజీ సీ10) వెళ్ళలేదు, మూడు ఆశ్చర్యార్థకాలతో సహా. దీన్ని మొదటి రోజే ఆన్ చేయాల్సింది.

ఇందులో తేడా ఏంటంటే, గొలుసులో రెండు మెట్లున్నాయి. ముందు సీపీయూ ప్యాకేజీ సీ10కి చేరాలి. అది చేరాకే చిప్‌సెట్ వైపు అన్నీ నిద్రపోయి, మొత్తం మెషీన్ గాఢనిద్రలో ఉందనే ఎస్ఎల్‌పీ_ఎస్0 సిగ్నల్ పడుతుంది. ఎల్‌టీఆర్, కార్డ్ రీడర్, ఎక్స్‌హెచ్‌సీ లాంటివి ఎక్కువగా రెండో మెట్టు గొడవలు. ఇక్కడ మొదటి మెట్టే ఎక్కలేదు. సీ8 దాకా వచ్చి సీ10కి పోకపోతే మొదట చూడాల్సింది డిస్‌ప్లే ఇంజిన్. ఈ తరం ఇంటెల్ చిప్పుల్లో డిస్‌ప్లేని లోతైన డీసీ స్టేట్‌లోకి (డిస్‌ప్లే నిద్ర) దించే పని డీఎంసీ అనే చిన్న మైక్రోకంట్రోలర్‌ది. దానికి ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఐ915 ఒక ఫర్మ్‌వేర్ (చిప్పు లోపల నడిచే ప్రోగ్రామ్) ఎక్కించాలి.

డీబగ్ ఎఫ్ఎస్‌లో ఐ915_డీఎంసీ_ఇన్ఫో తెరిస్తే పైనే ఉంది: ఫర్మ్‌వేర్ లోడెడ్, నో.

డీమెసేజ్‌లో కూడా బూట్ అయిన కొన్ని సెకన్లకే ఆ మాట ఉంది: డీఎంసీ ఫర్మ్‌వేర్ లోడ్ కాలేదు, రన్‌టైమ్ పవర్ మేనేజ్‌మెంట్ ఆపేస్తున్నాం. ఇన్నాళ్ళూ కళ్ళబడకపోవడానికి కారణం దాని స్థాయి నోటీస్. జర్నల్‌ని ఎర్రర్ల వరకే వడగట్టి చదివే అలవాటున్నవాళ్ళకి అది ఎప్పటికీ కనబడదు. డీఎంసీ లేకపోయినా స్క్రీన్ వస్తుంది, వీడియో ఆడుతుంది, రెండో మానిటర్ పనిచేస్తుంది. ఎవరికి అనుమానం వస్తుంది?

ఎలా పోయిందంటే, డెబియన్ 12లో ఐ915 ఫర్మ్‌వేర్లు ఫర్మ్‌వేర్-మిస్క్-నాన్‌ఫ్రీ ప్యాకేజీలో ఉండేవి. 13లో వాటిని విడదీసి ఫర్మ్‌వేర్-ఇంటెల్-గ్రాఫిక్స్ అని వేరే ప్యాకేజీ చేశారు. ఏపీటీలో (ప్యాకేజీలు వేసే టూల్) రికమెండ్స్ (తోడుగా సిఫారసు చేసే ప్యాకేజీలు) ఆపేసి పెట్టుకున్న మెషీన్‌లో పాత ప్యాకేజీ బుద్ధిగా అప్‌గ్రేడ్ అవుతుంది, కొత్తది రాదు, ఫైళ్ళు మాయం. అప్‌గ్రేడ్ సమయంలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో ర్యామ్‌లోకి ఎక్కే చిన్న ఇమేజ్) కట్టేటప్పుడు "పాసిబుల్ మిస్సింగ్ ఫర్మ్‌వేర్" అని బారెడు హెచ్చరికలు కూడా వచ్చాయి. కానీ మన మెషీన్‌లో లేని చిప్పులకి కూడా అవి వస్తూనే ఉంటాయి, ఎవరూ చదవరు. నాన్నా పులి కథే. ఆ బారెడులో కామెట్ లేక్‌కి కావాల్సిన పేరు కేబీఎల్_డీఎంసీ, వెర్షన్ 1.04. కేబీ లేక్ పేరే ఎందుకంటే ఈ రెండు తరాలకీ ఒకే ఫైలు.

ప్యాకేజీ వేసి, ఎల్ఎస్ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌తో ఆ ఫైలు ఇమేజ్ లోపల ఉందో లేదో చూసి రీబూట్ చేయాలి. ఐ915 ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోనే లేచేట్టుంటే ఫర్మ్‌వేర్ కూడా అక్కడే ఉండాలి, డిస్క్ మీద ఉంటే చాలదు. రీబూట్ తర్వాత సీ10 కదిలింది. అరగంటకి 0.46 వాట్ అవర్లు, అంటే 0.92 వాట్లు.

సగం పండగ. ఎందుకంటే ఎస్ఎల్‌పీ_ఎస్0_రెసిడెన్సీ (ఆ గాఢనిద్రలో గడిచిన కాలం) ఇంకా సున్నాయే. 0.92 వాట్లని 8 గంటలకి లెక్కేస్తే 17 శాతం: అచ్చం డెబియన్ 12 నాటి అంకె! అంటే రెండో దొంగ అప్పట్నుంచీ ఇంట్లోనే ఉన్నాడు.

ఎల్ఎస్‌పీసీఐని రెండు వీలతో నడిపి ఒక్కో పరికరం లింక్ కంట్రోల్ లైను చదివితే కార్డ్ రీడర్ దగ్గర ఏఎస్‌పీఎం డిజేబుల్డ్, ఎల్1.2 (లింకు లోతైన నిద్ర) పక్కన మైనస్, అంటే ఆఫ్. బయాస్ అలా వదిలేసింది. డీఫాల్ట్ పాలసీలో కెర్నెల్ బయాస్ పెట్టినదాన్ని కదిలించదు. ఆ పరికరం డైరెక్టరీలో లింక్ కింద ఎల్1_ఏఎస్‌పీఎం, ఎల్1_2_ఏఎస్‌పీఎం అనే రెండు ఫైళ్ళుంటాయి, రెండిట్లోనూ 1 రాస్తే చాలు. బూట్ అయిన ప్రతిసారీ ఉండాలంటే టీఎంపీఫైల్స్.డీలో డబ్ల్యూ టైపు లైన్లు రెండు. అరగంటకి 0.17 వాట్ అవర్లు, 0.34 వాట్లు. 1800 సెకన్లలో 1771 సెకన్లు ఎస్ఎల్‌పీ_ఎస్0లోనే గడిచాయి. రాత్రంతా వదిలితే 8 గంటలకి 2.8 వాట్ అవర్లు, ఆరు శాతం చిల్లర.

ఇప్పుడు వెనక్కి చూస్తే మూడో ప్రయత్నంలో పవర్‌సూపర్‌సేవ్ పెట్టినప్పుడు, ఐదోదాంట్లో రీడర్ డ్రైవర్ తీసేసినప్పుడు ఈ రెండోవాడు దొరికే ఉంటాడు. మొదటి మెట్టే ఎక్కని ప్యాకేజీకి రెండో మెట్టు ఎంత ఊడ్చినా మీటర్ కదలదు. అందుకే రెండుసార్లూ "కాదు" అని కొట్టేసి వెనక్కి పెట్టడం జరిగింది. ఒక్క రీడర్ కోసం పవర్‌సూపర్‌సేవ్‌ని మొత్తం సిస్టమ్‌కి రుద్దడం ఇప్పటికీ నచ్చదు. ఎన్‌వీఎంఈ బాగానే ఉన్నప్పుడు దాన్ని గెలకడమెందుకు?

ఇక మనసులో ముల్లు. ఆ డీఎంసీ ఫైలుకి సోర్స్ లేదు. ఇలాంటివి ఉండే నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ సెక్షన్ని అలా తెరిచి వదిలేయకుండా ఏపీటీ ప్రిఫరెన్సెస్‌లో ఆ సెక్షన్ మొత్తానికి ప్రయారిటీ -1 (వేయొద్దు అని) పెట్టి, మూడు ప్యాకేజీలకి మాత్రం 500 ఇచ్చాను: ఫర్మ్‌వేర్-ఇంటెల్-గ్రాఫిక్స్, ఇంటెల్-మైక్రోకోడ్, ఫర్మ్‌వేర్-ఐడబ్ల్యూఎల్‌వైఫై. కొత్తగా ఏదీ చెప్పకుండా లోపలికి రాదు. మైక్రోకోడ్ (సీపీయూ లోపలి ప్రోగ్రామ్) కూడా వద్దనే వాదన అర్థంకాదు. పాత మైక్రోకోడ్ చిప్పు లోపల ఎలాగూ ఉంది, అదీ మూసిన పెట్టే, పైగా భద్రతా కంతలతో. సోర్స్ లేనివన్నీ తీసేసిన లినక్స్-లిబ్రె కెర్నెల్ వాడేవాళ్ళకి ఈ దారి లేదు, అది ఫర్మ్‌వేర్‌ని అడగటాన్నే కోసేస్తుంది. ఈ తరం చిప్పు, ఎస్3 లేని బయాస్ ఉంటే వాళ్ళు సస్పెండ్ మరిచిపోయి హైబర్నేట్‌కి (ర్యామ్‌ని డిస్క్ మీద రాసి మెషీన్ ఆపేయడం) పోవడమే మేలు.

మిగతావి బాగానే ఉన్నాయి: పైప్‌వైర్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్ మైక్ మొదటిసారే పనిచేసింది. వేలాండ్‌లో 125 శాతం స్కేలింగ్ మసక లేదు. రెస్టిక్ బ్యాకప్ టైమర్ తనపాటికి తను నడుస్తోంది.

తర్వాత సస్పెండ్-దెన్-హైబర్నేట్, 3 గంటల ఆలస్యంతో. ఇప్పుడున్న స్వాప్ జడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే కుదించిన చోటు) మీదే, దాంట్లోకి హైబర్నేట్ కుదరదు కాబట్టి లక్స్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) లోపల 20 జీబీ స్వాప్ వాల్యూమ్ కట్టాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే కెర్నెల్ లాక్‌డౌన్ హైబర్నేట్‌ని ఒప్పుకోదు. ఏది వదులుకోవాలో ఇంకా తేలలేదు.

ఐడబ్ల్యూఎల్‌వైఫైని కూడా ఆ మూడింట్లోంచి తీసేయాలని ఉంది. ఏఆర్9271 చిప్పున్న యూఎస్‌బీ డాంగిల్‌కి ఫర్మ్‌వేర్ సోర్సుతో సహా డెబియన్ మెయిన్‌లోనే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే, కాగితం మీద 150 ఎంబీపీఎస్, ఆ వేగం చాలు. అసలు అనుమానం వేరే: పోర్టులో డాంగిల్ ఉండగా ఎక్స్‌హెచ్‌సీ నిద్రపోతుందా, 0.34 అలాగే నిలుస్తుందా? స్క్రిప్టు సిద్ధంగానే ఉంది, డాంగిల్ రావాలి.