ఆ గొంతులో నిద్ర లేదు

పొద్దున వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసి, ఇడ్లీలు తిని, అమ్మని తీసుకుని బయల్దేరాను. అమ్మ ఆస్టిన్ వచ్చి నెలన్నర అయింది. గుడి, ఇండియన్ స్టోర్ తప్ప ఇంకేమీ చూపించలేదన్న బాధ ఉండిపోయింది. ఇవాళ యూనివర్సిటీ పక్కనున్న, అమెరికా మాజీ ప్రెసిడెంటు లిండన్ జాన్సన్ లైబ్రరీకి వెళ్లాం.

లైబ్రరీ అంటే కూర్చుని పుస్తకాలు చదువుకునే చోటు కాదు. అద్దాల వెనక నాలుగు అంతస్తుల ఎత్తున ఎర్ర పెట్టెలు, ఒక్కోదాని మీద బంగారు రంగు ముద్ర. అన్నీ కాగితాలే. అమ్మ తలెత్తి చూసి, "ఒక్క మనిషికి ఇంత పనా!" అంది.

పదో అంతస్తులో ఆయన వైట్‌హౌస్ ఆఫీసు గదికి నమూనా ఉంది, అసలు దానికన్నా కాస్త చిన్నది. అది చూస్తూ అమ్మకి గోధుమల సంగతి చెప్పాను. 1965, 66లో మన దేశంలో వానల్లేక కరువొస్తే, అమెరికా గోధుమ ఓడలే దిక్కయ్యాయి. ఎన్ని టన్నులు, ఎప్పుడు పంపాలో జాన్సనే దగ్గరుండి చూసుకుని, విడతలు విడతలుగా వదిలేవాడు. అమెరికా చేస్తున్న వియత్నాం యుద్ధాన్ని మనవాళ్లు తప్పుపట్టడం ఆయనకి నచ్చలేదు. అమ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు. "మా అమ్మకి చపాతీ చెయ్యడం రాదు. రేషన్ గోధుమలు తిరగల్లో విసిరి జావ కాచేది. అవి ఈయన పంపినవా?" అని ఆ బల్ల వైపు చాలాసేపు చూసింది. ఆకలితో ఉన్నవాళ్లని అలా ఎదురుచూడనివ్వడం తప్పే అనిపిస్తుంది నాకు. కానీ నాలాంటి వాళ్లు ఈ దేశం రావడానికి తలుపు తీసిన 1965 వలస చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే.

అక్కడ రిసీవర్ ఎత్తితే ఆయన ఫోన్లో మాట్లాడిన మాటలు వినొచ్చు. అమ్మకి ఇంగ్లిష్ రాదు, అయినా విని, "సరిగ్గా నిద్రపోయిన మనిషి కాదే" అంది.

రాత్రి అమ్మ పడుకున్నాక, 1964 మే 27 నాటి రికార్డింగ్ వెతికి విన్నాను. సలహాదారు మెక్‌జార్జ్ బండీతో మాట్లాడుతున్నాడు. రాత్రంతా వియత్నాం గురించే ఆలోచిస్తూ మేలుకున్నానన్నాడు. ఇది ఇంకో కొరియా యుద్ధం అయ్యేలా ఉందన్నాడు. తర్వాత, తన దగ్గర పనిచేసే సార్జెంటు మాట ఎత్తాడు. పొద్దున తన సామాను తీసిపెడుతున్న అతన్ని చూశాడట. అతనికి ఆరుగురు చిన్నపిల్లలు. అలాంటివాణ్ణి అక్కడికి వెళ్లమని దేనికోసం ఆర్డర్ వెయ్యాలి, ఆ వియత్నాం నాకు ఏపాటిది అని అడుగుతున్నాడు.

అదే రోజు సెనేటర్ రిచర్డ్ రస్సెల్‌తో మాట్లాడుతూ, వియత్నాం వదిలి పారిపోయి వచ్చిన ప్రెసిడెంటుని అభిశంసిస్తారు కదా, అంటే పదవి నుంచి దించడానికి విచారణ పెడతారు కదా అన్నాడు.

నాకు ఇక్కడే గొంతు పట్టేసింది. తెలియక చేసుంటే ఒక మాట. ఇంత స్పష్టంగా తెలిసీ మరుసటి ఏడాది పోరాడే దళాలని పంపాడు. 1968కల్లా అక్కడ ఐదు లక్షల పైచిలుకు సైనికులున్నారు. ఆ యుద్ధం ముగిసేసరికి చనిపోయిన అమెరికన్లే 58 వేల మంది, వియత్నాం వాళ్లయితే లక్షల్లో. పిరికివాడన్న పేరు వస్తుందన్న భయం ఇంతమంది ప్రాణాల కంటే బరువెలా అయిందో ఎంత ఆలోచించినా మింగుడు పడటం లేదు. ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఒకటి రెండోదాన్ని తగ్గించలేదు.

అమ్మ మంచినీళ్లకి లేచి, "ఇంకా పడుకోలేదా?" అంది. సార్జెంటు సంగతి చెప్పాను.

"ఆరుగురు పిల్లలా?" అని పక్కన కూర్చుంది. "ఆ ముక్క మళ్లీ పెట్టమ్మా."

ఇయర్‌ఫోన్ ఒకటి తీసి అమ్మ చెవిలో పెట్టాను.