హ్యాండిల్ కదిలిన రోజు

మా నాన్నగారి 1978 నాటి అంబాసిడర్ మార్క్ 3 తెనాలిలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో 12 ఏళ్లు ఉండిపోయింది. ఆయన పోయాక ఎవరమూ తాళం చేతపట్టలేదు. మొన్న వేసవిలో నెల రోజులు సెలవు పెట్టి వచ్చి టార్పాలిన్ లాగేసరికి నాలుగు టైర్లూ గాలిపోయి నేలకు అతుక్కుని ఉన్నాయి. ఎయిర్ క్లీనర్ మూత విప్పితే లోపల ఎలుక కట్టుకున్న గూడు: కొబ్బరి పీచు, గుడ్డ పేలికలు, వేరుశనగ తొక్కలు.

చూడవచ్చిన ప్రతివారిదీ ఒకటే మాట, కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూడమని. నాకూ చెయ్యి ఊరుకోలేదు. ఆపినవారు మా వీధి చివర ఉండే ముసలి మెకానిక్ గారు. ఒకప్పుడు ఈ కారుకు సర్వీసు చేసింది ఆయనే. “తొందరపడకండి బాబూ! పట్టేసిన ఇంజిన్‌ని సెల్ఫ్‌తో తిప్పితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు విరుగుతాయి, వాల్వుల్ని నడిపే పుష్ రాడ్లు వంగుతాయి. ముందు చేత్తో తిరగాలి. ఆ తర్వాతే బ్యాటరీ సంగతి” అన్నారు. పాత బండి తీయబోయే ఎవరికైనా నేను చెప్పదలచుకున్నదీ ఈ ఒక్క మాటే.

ఇంజిన్ ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్‌లో గాలీ పొగా వచ్చిపోయే వాల్వు తెరుచుకునే ఉంటుంది. ఆ దారినే తేమ లోపలికి చేరుతుంది. సిలిండర్ గోడ పోత ఇనుము, రింగులూ పోత ఇనుమే. మా డెల్టా గాలికి 12 వర్షాకాలాలు చాలవా, రెండూ తుప్పుపట్టి ఒకదాన్నొకటి పట్టుకోవడానికి!

నాలుగు స్పార్కు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో చిన్న టీ గ్లాసుడు డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోశాం. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు బంపరు కన్నంలోంచి ఇంజిన్‌ని చేత్తో తిప్పే హ్యాండిల్ దూర్చి రోజూ ఉదయం, సాయంత్రం మెల్లగా బరువు ఆన్చి వదిలేవాణ్ణి. సుత్తి ముట్టుకోవద్దని ఆయన గట్టిగా చెప్పారు. అయిదు రోజులు రాతి గోడను నెట్టినట్టే ఉంది. ఆరో రోజు పొద్దున అరచేతి కింద ఏదో జారినట్టు అనిపించింది. చూస్తే హ్యాండిల్ బొటనవేలు మందాన కిందికి దిగింది. కేక వేస్తే అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చింది. మరుసటి రోజు సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది.

అప్పుడే ఇంజిన్ పైన వాల్వుల్ని కప్పి ఉండే టాపెట్ కవర్ విప్పాం. ఎనిమిది వాల్వుల్లో మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు కిందికి దిగి అక్కడే ఉండిపోయింది, స్ప్రింగు దాన్ని పైకి లేపలేకపోతోంది. తుప్పు చేరింది కూడా ఆ సిలిండర్‌లోనే. కాండానికి డీజిల్ పట్టించి, చెక్క ముక్క ఆన్చి చిన్నగా తట్టగా తట్టగా రెండో రోజుకు కదిలింది. మొదటి రోజే సెల్ఫ్ కొట్టి ఉంటే ఏం జరిగేదో అది చూశాకే నాకు అర్థమైంది.

ఆయిల్ బోల్టు విప్పితే ముందు నీళ్లు కారాయి, తర్వాత తారులాంటి నలుపు. కొత్త ఫిల్టర్ వేసి 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, ప్లగ్గులు లేకుండానే తిప్పుతూ పోయాం. వాల్వుల్ని నొక్కే రాకర్ల మీద సన్నటి తేనెరంగు తడి కనిపించేదాకా ఆయన నన్ను ఆగనివ్వలేదు. ఆ తడి కనిపించాక కొత్త బ్యాటరీ తెప్పించాం.

ట్యాంకులో మిగిలిన పెట్రోలు వార్నిష్ వాసన కొట్టింది. ట్యాంకు దింపి కడగడానికి పంపి, అప్పటికి ఒక డబ్బాతో పంపుకు గొట్టం పెట్టాం. కార్బ్యురేటర్ గిన్నెలో బెల్లం పాకంలా గోధుమరంగు జిగురు పేరుకుపోయింది. పెట్రోలు వచ్చే సన్నటి జెట్‌లలో తీగ పెడితే రంధ్రం పెద్దదవుతుంది, అందుకని నానబెట్టి గాలి కొట్టాం. రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం విజయవాడ ఆటోనగర్ వెళ్లి తెచ్చాను. బంకుల్లో ఇప్పుడు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాతకాలపు రబ్బరు దాన్ని తట్టుకోదు, ఉబ్బి కారుతుంది. ఈ ఖర్చు దగ్గర వెనకాడకూడదు, వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడితే కారే మిగలదు.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు సన్నటి ఎమరీతో రుద్ది, 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టాక నీలి స్పార్కు వచ్చింది. రేడియేటర్ కడిగి నీళ్లు నింపాం. అంతా సిద్ధమనుకుని సెల్ఫ్ కొడితే కార్బ్యురేటర్‌లోంచి ఢామ్మని పేలింది. నా గుండె జారిపోయింది. తప్పు నాదే. ఈ ఇంజిన్‌లో సిలిండర్లు మండే వరస 1-3-4-2, డిస్ట్రిబ్యూటర్ లోపలి రోటర్ తిరిగేది అపసవ్యంగా. నేను ప్లగ్ వైర్లు సవ్యంగా పెట్టుకుంటూ పోయాను. మార్చి పెట్టి, చోక్ లాగి మళ్లీ కొట్టాం. నాలుగోసారికి అందుకుంది.

మొదట ఒక్క సిలిండర్ తప్పుతూ తడబడింది, షెడ్డంతా తెల్లటి, నీలి పొగ. రెండు నిమిషాలకు నాలుగూ కలిశాయి. ఆ చప్పుడు నేను మరిచిపోయాననుకున్నాను. నాన్నగారు సాయంత్రం వీధి మలుపు తిరిగితే మాకు వినపడే చప్పుడు అది. మెకానిక్ గారు టాపెట్ కవర్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు.

పది నిమిషాలకు ఆపేశాం. వాటర్ పంపు కారుతోంది, మార్చాలి. లోపలి మురికంతా కడుక్కొచ్చిన ఆ ఆయిల్‌ని మర్నాడే దింపి మళ్లీ కొత్తది పోశాం. బ్రేకు సిలిండర్లు నాలుగు చక్రాలకూ ఇంకా విప్పలేదు. అవి పూర్తయ్యేదాకా కారు ఇటుకల మీదే ఉంటుంది. రోజూ సాయంత్రం ఆరింటికి అమ్మే గుర్తుచేస్తుంది, “ఒకసారి స్టార్ట్ చెయ్యరా” అని.