ఆడమ్స్ కౌంటీలో బార్న్ గోడల మీద బొంతలు

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని సిన్సినాటిలో మన తెలుగువాళ్లంతా ఆకుల రంగులు చూడ్డానికి స్మోకీ మౌంటెన్స్ దారి పడతారు. నాకు ఆ ట్రాఫిక్ పడదు. ఈసారి ఊరి నుంచి వచ్చిన మా అమ్మని కారెక్కించుకుని, 32వ నంబరు రోడ్డు పట్టుకుని తూర్పుగా ఆడమ్స్ కౌంటీకి వెళ్లాను. గంటన్నర ప్రయాణం. కౌంటీ మొత్తం కలిపి 27 వేల పైచిలుకు జనం, మన దగ్గర ఓ మోస్తరు మండలంలో ఇంతకంటే ఎక్కువే ఉంటారు. కొండలు, మొక్కజొన్న చేలు, ఆవులు, మలుపుకో చర్చి. ఫోన్ సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకున్నాం.

మేం చూడాలనుకున్నవి బార్న్ క్విల్ట్‌లు. బార్న్ అంటే పొలంలో పంటకీ, పశువులకీ కట్టుకునే పెద్ద కొట్టం, క్విల్ట్ అంటే మన బొంత లాంటిదే. రోడ్డు పక్కన నల్లబడిపోయిన ఓ చెక్క బార్న్, దాని నెత్తిన ఎరుపు, తెలుపు, నీలం త్రికోణాల పెద్ద చదరం కనపడగానే అమ్మ, "ఇదేందిరా, గోడకి బొంత ఆరేశారా?" అంది. నేను గూగుల్లో చదివిన పది పేజీల కంటే ఆ మాటే నయం. ఇక్కడి ఆడవాళ్లు గుడ్డముక్కలు కలిపి కుట్టే దుప్పట్లలో ఒక గడిని తీసుకుని, దాన్ని సుమారు ఎనిమిదడుగుల పలకంత చేసి బార్న్‌కి బిగిస్తారు. పలక అంటే మామూలు ప్లైవుడ్డే, నాలుగడుగుల వెడల్పువి రెండు షీట్లు పక్కపక్కన పెడతారు. ప్రైమర్ కొట్టి, పెన్సిలుతో గీతలు గీసి, టేపు అంటించి ఒక్కో రంగూ ఆరాక ఇంకోటి వేస్తారు. అన్నీ సరళరేఖలే కాబట్టి బొమ్మలు వేయడం రానివాళ్లు కూడా వేసేయొచ్చు.

దీన్ని మొదలుపెట్టింది డోనా సూ గ్రోవ్స్ అనే ఆవిడ. 1989లో ఆవిడా, క్విల్ట్‌లు కుట్టే వాళ్లమ్మ మాక్సీనూ ఈ కౌంటీలోనే ఉన్న మాంచెస్టర్ దగ్గర పొలం కొనుక్కుంటే, అందులో పాత పొగాకు బార్న్ ఒకటి ఉంది. దాని మీద నీకో క్విల్ట్ గడి వేయిస్తానని తల్లికి మాటిచ్చి ఏళ్లు గడిపేసింది. తర్వాత ఆవిడ ఒహాయో ఆర్ట్స్ కౌన్సిల్‌లో పనిచేస్తున్నప్పుడు, చుట్టుపక్కలవాళ్లు ఒక్కటే ఎందుకు, కౌంటీ అంతా చుట్టివచ్చేలా వేద్దాం అన్నారట. ఇరవై అనుకున్నారు, ఒక మంచం దుప్పటికి సుమారుగా అన్ని గడులు పడతాయి మరి. మొదటిది 2001 అక్టోబరులో లూయిస్ మౌంటెన్ హెర్బ్ ఫామ్‌లో వెలిసింది, పేరు ఒహాయో స్టార్: తొమ్మిది గళ్లు, నడిమధ్యన ఒక చదరం, చుట్టూ త్రికోణాలు కలిసి ఎనిమిది కొనల నక్షత్రం. మాటిచ్చిన తల్లి బార్న్‌కి మాత్రం తర్వాతే వంతు వచ్చింది! ఐడియా మాదని పట్టుకు కూర్చోకుండా అడిగినవాళ్లందరికీ ఎలా చేయాలో చెప్పారు, అందుకే ఇప్పుడివి అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ, కెనడాలోనూ కనిపిస్తాయి. డోనా సూ 2021లో చనిపోయారు.

నిజం చెప్పాలంటే వీటిని బొమ్మలుగా చూస్తే పెద్దగా ఏం లేదు. కొన్ని వెలిసిపోయి ఎరుపు కాస్తా గులాబీ రంగుకి తిరిగింది, ఒకచోట ప్లైవుడ్ అంచు నీరు తాగి ఉబ్బింది. నాకు నచ్చింది వేరే. అంతకుముందు ఈ బార్న్‌ల మీద మెయిల్ పౌచ్ అనే నమిలే పొగాకు కంపెనీ ప్రకటనలుండేవి, మన పల్లె గోడల మీద సిమెంటు, ఎరువుల ప్రకటనలు రాసినట్టు. హార్లీ వారిక్ అనే ఒక్క పెయింటరే తన జీవితంలో ఇరవై వేల దాకా బార్న్‌లకు ఆ అక్షరాలు రాశాడంటారు. అదే గోడ మీద ఇప్పుడు ఏముండాలో ఇంటివాళ్లే చెబుతారు, అమ్మమ్మ కుట్టిన డిజైనో, ఇష్టమైన రంగులో. పక్క కౌంటీలో పోర్ట్స్‌మౌత్ ఊరుంది, అక్కడ వరద గోడ మీద రాబర్ట్ డాఫోర్డ్ 1993 నుంచి వేసిన చిత్రాలు రెండు వేల అడుగుల పొడవున ఉంటాయి, పనితనం అద్భుతం. కానీ అది ఆరితేరిన చిత్రకారుడి పని. ఇక్కడివి ఊరివాళ్లు టేపు అంటించి వేసుకున్నవి, నా ఓటు వీటికే.

ఒకచోట బార్న్ పక్క చెక్కలు తెరిచి ఉంటే కారాపాం. లోపల దూలాల మీద వరసలు వరసలుగా బర్లీ పొగాకు, కాండంతో సహా కర్రలకు గుచ్చి తలకిందులుగా వేలాడదీసి ఉంది. మాది కందుకూరు వైపు. మా బ్యారన్లలో మంట పెట్టి, గొట్టాల్లోంచి వేడి పంపి ఆకు కాలుస్తారు, కర్రలకు ఆకు అల్లడం అమ్మ చిన్నప్పటి నుంచీ చేసిన పనే. ఇక్కడ మంటే లేదు, వారాల తరబడి గాలికే ఆరాలి. ట్రాక్టరు మీద వచ్చిన పెద్దాయన చెయ్యూపి, లోపలికి రమ్మన్నాడు. అమ్మ కర్ర పట్టుకుని చూసి, ఆకు వాసన చూసి, "క్వింటా ఎంత పలికిద్దో అడగరా" అంది. ఆయన పౌండ్ లెక్క చెప్పాడు, అమ్మ దాన్ని రూపాయల్లోకి మార్చమని నన్ను చంపేసింది. ఈ రోడ్డు మీద ఒకప్పుడు అందరూ పొగాకే వేసేవాళ్లు, ఇప్పుడు తనూ ఇంకొకాయనా మిగిలామన్నాడు. 2004లో ప్రభుత్వం, ఏ రైతు ఎంత పొగాకు అమ్ముకోవచ్చో చెప్పే కోటాలు ఎత్తేసి, రైతులకు పరిహారం ఇచ్చింది, అప్పుడే చాలామంది మానేశారు. ఒహాయో నది ఒడ్డున ఉన్న రెండు బొగ్గు కరెంటు ప్లాంట్లు 2018లో మూతపడ్డాయి, అదింకో దెబ్బ. వాటిలో పోయిన జీతాల్ని క్విల్ట్ బొమ్మలు తిరిగి తెస్తాయని ఎవరైనా అంటే నేను నమ్మను. మా మటుకు మేం అక్కడ ఖర్చుపెట్టింది పెట్రోలుకీ, భోజనానికీ, ఆమిష్ వాళ్ల (పాతకాలం పద్ధతిలో బతికే ఓ క్రైస్తవ వర్గం) బేకరీలో బ్రెడ్డుకీ అంతే.

పీబుల్స్ దగ్గరి సర్పెంట్ మౌండ్ కూడా ఈ కౌంటీలోనే. మట్టి దిబ్బగా కట్టిన, పైన గడ్డి కప్పిన 1,300 అడుగుల పైచిలుకు పాము ఆకారం, అమ్మ దండం పెట్టుకుంది, పిల్లలుంటే తప్పక చూపించండి. బార్న్‌లన్నీ సొంత పొలాల్లోవి, పిలవకుండా లోపలికి వెళ్లొద్దు. రోడ్డు పక్కన కారు ఆపే జాగా కూడా ఉండదు, మలుపుల్లో కారు ఆపకండి. ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు, ఆమిష్ దుకాణాలన్నీ మూసేస్తారు, ఆ బ్రెడ్డు తినకుండా తిరిగి రావడం మహా నష్టం.