రగ్గు మీద వామనగుంటలు

ఇక్కడ అమెరికాలో మా అమ్మాయి ఫస్ట్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు దీపావళికి వాళ్ల క్లాసుకి వెళ్లాను. రెండు రాత్రులు కూర్చుని 24 స్లైడ్లు తయారుచేసుకున్నాను. ఐదో స్లైడుకే పిల్లలు అటూ ఇటూ కదలడం మొదలుపెట్టారు, మా అమ్మాయి మాత్రం తల వంచుకుని బూటు లేసు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఇంటికొచ్చాక "ఇంకెప్పుడూ మా క్లాసుకి రావద్దమ్మా" అంది, అదీ ఇంగ్లీషులో. చాలా రోజులు ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

ఆరేళ్ల పిల్లలకి రాముడు అయోధ్యకి తిరిగిరావడం, నరకాసురుడు, లక్ష్మీపూజ, అన్నీ పదిహేను నిమిషాల్లో చెప్పేశాను. వాళ్ల చేతికి పట్టుకోడానికి ఒక్క వస్తువు ఇవ్వలేదు, మా అమ్మాయికి చేయడానికి ఒక్క పని ఇవ్వలేదు. (పబ్లిక్ స్కూల్లో, అంటే ఇక్కడి ప్రభుత్వ బడిలో, మన పండగల గురించి మాట్లాడనిస్తారా అని కొంతమంది అడుగుతుంటారు. పూజలు, ప్రార్థనలు చేయించకూడదు గానీ మతాల గురించి పాఠంలా చెప్పుకోవచ్చు. స్కూళ్లలో బైబిల్ పఠనాన్ని ఆపిన 1963 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పులోనే ఈ తేడా ఉంది. కాబట్టి అడగడానికి మొహమాటపడక్కర్లేదు.)

సెకండ్ గ్రేడ్‌లో నవంబరులో పేరెంట్-టీచర్ కాన్ఫరెన్స్‌కి వెళ్లినప్పుడు టీచరు గారు మార్కుల సంగతి రెండు నిమిషాల్లో ముగించి, పాప బాగా చదువుతుంది గానీ నోరు తెరవదు, చెయ్యెత్తదు, గ్రూపులో వేస్తే చివర్లో నిలబడుతుంది అన్నారు. ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న నన్ను అప్పటివరకూ ఎవరూ అడగలేదు: ఇంట్లో తను మీకంటే బాగా చేసే పని ఏదైనా ఉందా?

ఉంది. అంతకుముందు వేసవిలో తెనాలి వెళ్లినప్పుడు మా అమ్మ దానికి వామనగుంటలు నేర్పింది. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో అమ్మమ్మా మనవరాలూ పీట మధ్యలో పెట్టుకుని గంటలకొద్దీ ఆడేవారు, వారం తిరిగేసరికి నన్ను ఓడించడం మొదలుపెట్టింది. ఆ ఆట ఎలా ఉంటుందో చేతులతో చూపిస్తూ చెబుతుంటే టీచరు గారు లేచి వెళ్లి అలమరలోంచి ఒక చెక్క పీట తెచ్చి నా ముందు పెట్టారు. మంకాలా. ఇక్కడ న్యూజెర్సీలో మంచు పడి పిల్లల్ని బయటికి వదలలేని రోజుల్లో ఇండోర్ రీసెస్ అని క్లాసులోనే ఆడించేస్తారు, ఆ రోజుల కోసం పెట్టుకున్న ఆటల్లో అదొకటి. మన ఆటకి చుట్టం మా అమ్మాయి బల్లకి పది అడుగుల దూరంలో ఉంటే, అది తన ఆటేనని తను ఒక్కసారి కూడా చెప్పలేదన్నమాట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇక్కడి పీటకి వరుసకి ఆరేసి గుంటలు, రెండు చివర్లా గెలిచిన గింజలు వేసుకోడానికి ఒక్కో పెద్ద గుంట. మా ఇంట్లో ఆడే వామనగుంటలకి వరుసకి ఏడు, మొత్తం 14, గుంటకి ఐదేసి చొప్పున 70 చింతగింజలు. ఒక గుంటలోవి తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక పక్క గుంటలో గింజలుంటే అవి తీసి మళ్లీ పంచాలి, పక్కది ఖాళీ అయితే దాన్ని దాటి ఆ తర్వాతి గుంటలో ఉన్నవన్నీ మనవి. ఆట అక్కడ ఆగి అవతలివాళ్లకి వెళుతుంది. ఐదేసి చొప్పున లెక్కపెట్టడం సెకండ్ గ్రేడ్ లెక్కల్లోదే కాబట్టి టీచరు గారికి ఇంకా నచ్చింది, శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి పదిహేను నిమిషాలు ఇస్తాను, ప్రతి వారం రాగలరా అన్నారు. ప్రతి వారం అన్న మాటే నాకు ముఖ్యం. ఆఫీసులో ఆ గంట అడిగి తీసుకున్నాను.

పీటలు కావాలి, గింజలు కావాలి. ఇప్పుడు దుకాణాల్లో దొరికేదంతా గింజ తీసేసిన చింతపండే. మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డులో మూడు చోట్ల తిరిగితే ఒకచోట గింజలున్నది దొరికింది. రాత్రి నానబెట్టి పొద్దున్నే పిసికితే గింజలకి పీచు అంటుకునే ఉంది, ఒక్కొక్కటీ గోటితో గీకి, కడిగి, వంటింటి తువ్వాలు మీద ఆరబోశాం. మా అమ్మాయి వాటిని పది పదిగా కుప్పలు పెట్టింది. నల్లగా మెరుస్తున్నవి, గోధుమరంగువి, పగుళ్లున్నవి విడదీసి, పగిలినవి వద్దంది, "అమ్మమ్మ అవి పెట్టదు" అని. గుంటల కోసం కోడిగుడ్ల అట్టపెట్టెలు వాడదామనుకున్నాను గానీ క్లాసులో ఒకరికి గుడ్డు పడదని టీచరు గారు ముందే చెప్పారు, అందుకని కప్ కేకుల కాగితం గిన్నెలు పద్నాలుగేసి అట్టముక్కలకి అంటించాం.

మొదటి శుక్రవారం నేను చేసిందల్లా గింజలు పంచడమే. టీచరు గారు రగ్గు మీద మా అమ్మాయికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, నాకు రాదు, నువ్వే నేర్పాలి అన్నారు. మిగతా పిల్లలంతా చుట్టూ మూగారు. రెండో ఎత్తుకే ఆవిడ తప్పు గుంటలోంచి తీయబోతే మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి "కాదు, అది నాది" అంది, గట్టిగా. ఏడాదిన్నరలో ఆ స్కూల్లో నేను విన్న దాని మొదటి గట్టి మాట అది. టీచరు గారు ఓడిపోయారు. కావాలని ఓడలేదు, నేను చూస్తూనే ఉన్నాను, నిజంగానే ఓడారు.

తర్వాతి వారాల్లో నేను ఊహించనివి జరిగాయి. ఘానా నుంచి వచ్చిన కుటుంబం పిల్లాడొకడు, కుదురుగా కూర్చోలేడని అందరూ అనే పిల్లాడు, మా తాతయ్య ఇలాంటిదే ఆడతాడు, దాని పేరు ఒవారే, 48 గింజలు అన్నాడు. మరుసటి శుక్రవారం నేర్పే వంతు వాడిది. టీచరు గారు గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేసే బాధ్యత కూడా వాడికే ఇచ్చారు, ఆ పని చేస్తున్నంతసేపూ వాడు కదిలితే ఒట్టు. ఒక తమిళ పాప తన నానమ్మ ఊళ్లో దీన్నే పల్లాంగుళి అంటారని చెప్పింది. ఇండియా గురించి నేను చెప్పిన పాఠం ఏమీ లేదు, అయినా గోడ మీది ప్రపంచపటంలో ఘానా ఎక్కడుందో, తమిళనాడు ఎక్కడుందో, తెనాలి ఎక్కడుందో వెతుక్కున్నారు పిల్లలు. తెనాలి ఆ పటంలో లేదు. మా అమ్మాయి పెన్సిలుతో చుక్క పెట్టింది.

జనవరిలో ఒకరోజు స్కూలు ఆఫీసు అనుమతి తీసుకుని మా అమ్మని వీడియో కాల్‌లోకి తెచ్చాం. ఇక్కడ పొద్దున్న తొమ్మిదైతే అక్కడ రాత్రి ఏడున్నర, అమ్మ జడ వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని మరీ కూర్చుంది. పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేను నోరు తెరవబోతే టీచరు గారు చూపుతోనే ఆగమన్నారు. మా అమ్మాయి లేచి నిలబడింది. ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే పిల్ల, "అమ్మమ్మా, నీకు ఎవరు నేర్పించారు అని అడుగుతున్నాడు" అంది. "మా మేనత్త నేర్పింది తల్లీ, వానాకాలంలో అరుగు మీద" అంది అమ్మ. అరుగు అంటే ఏమిటో చెప్పడానికి దానికి ఇంగ్లీషు మాట దొరకలేదు. కాసేపు ఆలోచించి, ఇంటి బయట కూర్చోడానికి కట్టింది, అందరూ అక్కడే కూర్చుంటారు అని చెప్పింది. ఆ పూట దాని తెలుగు ఇరవై మంది పిల్లలకి అవసరమైంది. నేను ఇంట్లో ఎంత పోరినా ఇవ్వలేకపోయింది అదే.

పేరు సంగతి కూడా చెప్పాలి. నాలుగక్షరాల పేరు దానిది, మొదటి ఏడాది నుంచీ స్కూల్లో రెండక్షరాలకి కుదించి పిలుస్తున్నారు, అదీ సర్దుకుపోయింది. ఫిబ్రవరిలో ఒకరోజు టీచరు గారు మీ అమ్మమ్మ నిన్ను ఎలా పిలిచిందో అలా నాకు నేర్పు అన్నారట. మూడు రోజులు పట్టిందట ఆవిడకి. ఇప్పుడు క్లాసంతా నాలుగక్షరాలూ పలుకుతున్నారు, 'ణ' దగ్గర కాస్త జారుతున్నా సరే.

చీరకట్టు, సమోసా, జెండా పెట్టి ఒక్క సాయంత్రంలో ముగించే ఇంటర్నేషనల్ నైట్‌లకి నేను వ్యతిరేకం కాదు, వాటికీ వెళతాం. కానీ ఆ బల్ల వెనక పిల్లలు నిలబడరు, మనమే నిలబడతాం. ఎవరైనా నన్నడిగితే ఒకటే చెబుతున్నాను: టీచరుతో ముందు మాట కలపండి, మీ పిల్లలకి చేతనైనది ఏదో చెప్పండి, పెద్ద ప్రోగ్రాం అడక్కండి, వారానికో పావుగంట అడగండి. ముగ్గు కావచ్చు, పూలమాల కట్టడం కావచ్చు, అచ్చంగిల్లాలు కావచ్చు. అందరు టీచర్లూ ఒప్పుకోరు. మాకు మంచి టీచరు దొరికారు, ఆ మాట దాచను.

మొన్న లెక్కపెడితే మూడు సెట్లలో కలిపి పదకొండు గింజలు తగ్గాయి, పిల్లల జేబుల్లో ఇళ్లకి వెళ్లిపోయి ఉంటాయి. మళ్లీ ఓక్ ట్రీ రోడ్డుకి వెళ్లాలి. మా అమ్మాయి మాత్రం అక్కర్లేదంటోంది, అమ్మమ్మ దగ్గర డబ్బా నిండా గవ్వలున్నాయట, ఈసారి వచ్చేవాళ్లతో పంపించమని తనే ఫోన్ చేసి చెప్పింది, తెలుగులోనే.